చెమ్మ దిగిన స్టేషను గోడ

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే మన ఊరంత కాదే చిన్నీ, పెద్ద పట్నం, అక్కడ ఒక రైల్వే స్టేషను ఉండేది. కాళ్ళు ఆడించకు, దుప్పటి జారిపోతోంది. ఆఁ, ఎక్కడున్నాం? స్టేషను.

సిమెంటంటే ఆ పట్నంలో ఎవరూ ఎరగని రోజుల్లో కట్టారు దాన్ని. రాతి గోడలు, వాటికి గానుగ సున్నం. ఎద్దు గుండ్రంగా తిరుగుతుంటే రాతి చక్రం కింద సున్నమూ ఇసకా మెత్తగా నలుగుతాయి. అందులో కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోస్తారు. అవునే, బెల్లమే! నువ్వు డబ్బా మూత తీసి తింటావే, అదే.

ఆ సున్నం పని చేసినవాళ్ళలో సన్యాసమ్మ ఒకతె. పసిపిల్ల నూకాలుని గానుగ పక్కనే ఉయ్యాల్లో వేసి పనిచేసేది. పిల్ల పెద్దదయ్యాక తల్లి దగ్గరే ఆ పని నేర్చుకుంది. ఆ తర్వాత సన్యాసమ్మ పోయింది. నూకాలు ఆ స్టేషన్లోనే ఊడ్చే పనికి కుదిరింది. తల్లికి ఒక్క ఫొటో కూడా లేదు. అమ్మ గుర్తొస్తే పోయి, అమ్మ చేతి సున్నం పూసిన స్టేషను గోడకి వీపు ఆనించి కూచునేది.

చాలా ఏళ్ళు గడిచాయి. అప్పుడు కొత్త ఆఫీసర్లొచ్చి, పాత సున్నం బాగాలేదని గోడలన్నిటికీ సిమెంటు పూయించారు. ఆ ఏడు వానలకి గోడలు చెమ్మగిల్లాయి. అప్పుడు రంగేశారు, పొక్కులొచ్చి ఊడిపోయింది. ఆ తర్వాత టైల్సు అతికించారు, ఒక్కొక్కటే రాలిపోయాయి. ఆ తర్వాత ఇంకాస్త మందంగా సిమెంటు కొట్టారు. గోడ ఏకంగా నీళ్ళు కార్చింది.

"ఇక లాభం లేదు, బిల్డింగు పడగొట్టాల్సిందే" అన్నారు. గోడలమీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తులు పెట్టారు.

అప్పటికి నూకాలమ్మకి పళ్ళూడిపోయాయి. ఆ గుర్తులు చూసింది. చీపురు అక్కడే పడేసి, తిన్నగా ఇంజినీరు భానోజీరావు దగ్గరికి పోయింది.

"బాబూ, గోడ పాడవలేదు. మీరే దానికి ఊపిరాడకుండా చేశారు. లోపలి చెమ్మ బయటికి పోవాలా వద్దా? సిమెంటు అడ్డం పెడితే ఎటు పోద్ది?"

భానోజీరావుకి నవ్వొచ్చింది. "ఎందాకా చదివావు మామ్మా?"

"బడి మొహం చూళ్ళేదు. ఒక్క గోడ ఇవ్వండి బాబూ. వానలకి అది తడిస్తే మొత్తం పడగొట్టుకోండి."

ఒక్క గోడేగా అని సరేనన్నాడు.

నూకాలమ్మ సిమెంటంతా చెక్కించింది. ఎండలు ముదిరేదాకా గోడని ఆరనిచ్చింది. ఆ తర్వాత గానుగ ఆడించి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి, దగ్గరుండి పూయించింది. మర్నాడు భానోజీరావు వచ్చి చూస్తే, గోడనిండా చీమలు!

"ఖర్మ! ఇదా నీ వైద్యం?" అని నెత్తి కొట్టుకున్నాడు.

"మంచి బెల్లం బాబూ, రావా మరి? గోడ ఆరితే అవే పోతాయి" అంది నూకాలమ్మ. అలాగే పోయాయి కూడా.

అప్పుడు వాన పట్టుకుంది. ఒక రోజా, రెండు రోజులా, మూడు రోజులు కుండపోత. నూకాలమ్మకి అన్నం సయించలేదు. ఆ గోడ తడిస్తే వాళ్ళమ్మ రెండోసారి పోయినట్టే కదే పాపం.

నాలుగోనాడు వాన వెలిసింది. భానోజీరావు మిగతా గోడలు తడిమాడు. చెయ్యంతా తడి. అప్పుడు నూకాలమ్మ గోడమీద చెయ్యి వేసి చూశాడు. పొడిగా ఉంది. రెండో చెయ్యీ వేశాడు. ఆ తర్వాత చెంప ఆనించాడు. జేబులోంచి రుమాలు తీసి, పక్క గోడమీది ఎర్ర గుర్తు తనే తుడవబోయాడు. పోతుందా? చివరికి మనుషుల్ని పిలిచి, సిమెంటుతో సహా చెక్కించాడు.

ఏడాది తిరిగేసరికి స్టేషను మొత్తానికి గానుగ సున్నం పూశారు. అప్పుడు భానోజీరావు కెమెరా తెచ్చాడు.

"మామ్మా, గోడ దగ్గర నిలబడు. ఫొటో తీస్తా."

నూకాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. గోడ ముందు నిలబడి, ఏమనుకుందో ఏమో, పక్కకి జరిగింది.

"అలా జరిగితే ఎలా మామ్మా? నువ్వు పడటంలేదు."

"నేనెందుకులెండి బాబూ, గోడకి తియ్యండి. మా అమ్మకి ఫొటో లేదు."

కూత పెట్టి రైల్లో కథ కంచికి,
కునుకు పట్టి ఒళ్ళో మనం ఇంటికి.