రిజిస్టర్ ప్రకారం అందరూ బయటే

ఆ ఊరికి తెలివి మొత్తం మూడు పాళ్ళు వచ్చిందనీ, ఆ మూడూ తమ ఇంట్లోనే దిగాయనీ గున్నయ్యకు గట్టి నమ్మకం. ఒక పాలు తనది. ఇంకోటి తమ్ముడు దాలయ్యది. మూడోది బావమరిది పారయ్యది. అది కాస్త చిన్న పాలే గాని, పెళ్ళాం నొచ్చుకుంటుందని గున్నయ్య పైకి అనేవాడు కాదు.

ముగ్గురూ జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా. పన్నెండేళ్ళలో ఆ గేటు దాటి ఒక్క జీడిపలుకు దొంగగా పోలేదని గున్నయ్య కనపడ్డ వాళ్ళందరికీ చెప్పేవాడు. అది నిజమే. పోయేదంతా వెనక గోడ కన్నంలోంచి పోయేది. కన్నం గేటు కాదు కాబట్టి అది తన పని కాదని ఆయన లెక్క.

ఆ ఏడాది ఫ్యాక్టరీకి హైమావతి అనే కొత్త మేనేజరు వచ్చింది. వచ్చిన వారానికే ముగ్గురినీ పిలిచి ఒక లావుపాటి రిజిస్టరూ, విజిటర్ అని రాసి తాడు కట్టిన పన్నెండు బిళ్ళలూ చేతికిచ్చింది.

"బుధవారం భద్రతా తనిఖీకి ఆఫీసరుగారు వస్తున్నారు. మంట లేస్తే లోపల బయటివాళ్ళు ఎంతమంది ఉన్నారో, అందరూ బయటపడ్డారో లేదో మనం చెప్పగలమా అని చూస్తారు. అది మీ చేతిలోనే ఉంది. బయటి నుంచి వచ్చిన ప్రతి మనిషి పేరూ రాయండి. మెడలో బిళ్ళ వెయ్యండి."

"అలాగేనమ్మా," అన్నాడు గున్నయ్య. "ఇంత చిన్న పనికి ఇంత పెద్ద మాటలెందుకు."

ఇంకేముంది. మర్నాడు ఉదయం ఫ్యాక్టరీ ముందు నూట నలభై మంది పనివాళ్ళు బారులు తీరారు. అందరూ బయటి నుంచే వచ్చారు మరి. తొమ్మిదింటికి హైమావతి వచ్చేసరికి గున్నయ్య ఇంకా ముప్ఫయ్యో పేరు దగ్గర ఉన్నాడు.

"పేరు?" అన్నాడు తల ఎత్తకుండా.

"నేను గున్నయ్యా, హైమావతిని."

"ఎవరిని కలవాలి?"

"ఎవరినీ కాదు. నేను మేనేజర్ని."

"మేనేజరుగారు ఇంకా రాలేదమ్మా. ఆ బల్ల మీద కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. రోజూ వచ్చేవాళ్ళ పేర్లు రాయక్కర్లేదని, కొత్తగా వచ్చినవాళ్ళవి మాత్రమే రాయాలని నిదానంగా విడమరిచి చెప్పింది. అంతే, సాయంత్రానికల్లా గున్నయ్య గుమాస్తా జోగారావుకు బిళ్ళ తగిలించాడు. పాపం జోగారావు మొక్కు తీర్చుకుని గుండుతో వచ్చాడు. మనిషి కొత్తగా ఉన్నాడు, సంతకం మాత్రం పాతగా ఉందని పారయ్య చాలాసేపు అనుమానంగా చూశాడు.

మంగళవారం హైమావతి మళ్ళీ కూర్చోబెట్టి చెప్పింది. ఈసారి వేళ్ళు మడిచి చెప్పింది. బెల్లు మోగగానే రిజిస్టర్లో ఉన్నవాళ్ళందరినీ బయటికి తీసుకురావాలి. వచ్చేటప్పుడు పొగ పాకకుండా తలుపులన్నీ మూసి రావాలి. లారీలు తూచే కాటా దగ్గర నిలబెట్టి పేర్లు చదవాలి. ప్రతి పేరుకూ 'ఉన్నాను' అని వినపడాలి. వినపడితేనే టిక్కు పెట్టాలి.

"రిజిస్టర్లో ఉన్నవాళ్ళందరూ," అన్నాడు గున్నయ్య.

"ఒక్కరు కూడా మిగలకూడదు," అంది ఆమె.

"మిగలరు," అన్నాడు గున్నయ్య. ఆ రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర ముగ్గురూ దాన్ని మూడుసార్లు అప్పజెప్పుకున్నారు. ఒక్క ముక్క పొల్లు పోలేదు.

బుధవారం వచ్చింది. రిజిస్టర్లోకి ముగ్గురు ఎక్కారు. జీడిపప్పు కొనడానికి వచ్చిన రాజమండ్రి వ్యాపారి ఖాదర్‌వలీ ఒకడు. కాటా బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్కు ప్రకాశం ఒకడు. మూడోవాడు తనిఖీ ఆఫీసరు లింగమూర్తి. లింగమూర్తి బక్కపలచటి మనిషి, మాట మెత్తన. హైమావతి గదిలో కూర్చుని, రిజిస్టరు తెప్పించుకుని చూసి, బాగానే రాశారే అన్నాడు. గున్నయ్య ఛాతీ ఒక అంగుళం పెరిగింది. రాసుకుంటుంటే అడ్డు తగులుతోందని ఆఫీసరు మెడలో బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. తరవాత గోనెసంచుల గది చూసొస్తానని ఒక్కడే లేచి వెళ్ళాడు. రిజిస్టరు బల్ల మీదే ఉండిపోయింది.

పదకొండు దాటింది. జీడిపిక్కలు వేయించే షెడ్డు పక్కన తొక్కల గుట్ట ఉంటుంది. జీడి తొక్కలో నూనె ఎక్కువ. నిప్పురవ్వ ఒకటి ఎగిరి దానిమీద పడింది. అంతే, గుట్ట భగ్గుమంది. నల్లటి పొగ షెడ్డు చుట్టూ తిరిగి వరండాలోకి దూరింది. బెల్లు మోగింది. హైమావతి పనివాళ్ళ కోసం షెడ్డువైపు పరిగెత్తింది. వ్యాపారీ, మెకానిక్కూ ఎవరూ చెప్పకుండానే కాటా దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

గేటు దగ్గర గున్నయ్య కండువా నడుముకు బిగించాడు.

"రిజిస్టర్లో ఉన్నవాళ్ళందరినీ బయటికి తేవాలి. రిజిస్టరు ఎక్కడ?"

"మేనేజరమ్మ బల్ల మీద," అన్నాడు పారయ్య.

"అయితే వాళ్ళంతా లోపలే ఉన్నారు. పదండి."

వాళ్ళు పిరికివాళ్ళు కాదు, ఆ మాట చెప్పుకోవాలి. ముగ్గురూ ముక్కులకు తడిగుడ్డలు కట్టుకుని ఆ పొగలోకి దూసుకుపోయారు. దాలయ్య రిజిస్టరును తడిగోనెలో చుట్టి పసిపిల్లలా చంకనెత్తుకున్నాడు. తిరిగి వస్తూ చెప్పిన ప్రకారం తలుపులన్నీ మూసుకుంటూ వచ్చారు. గోనెసంచుల గది దగ్గర పారయ్య ఆగాడు.

"బావా, లోపల ఎవరో దగ్గుతున్నారు."

"మనవాళ్ళందరూ దాలయ్య చంకలో ఉన్నారు. తలుపెయ్యి, పద."

పారయ్య తలుపేసి, ఎందుకైనా మంచిదని గడియ కూడా పెట్టాడు.

కాటా దగ్గరికి వచ్చాక గున్నయ్య గోనె విప్పి, రిజిస్టరు తెరిచి, ఒక్క పేరు కూడా కాలలేదని చూసుకుని ఊపిరి పీల్చుకున్నాడు. పేర్లు చదివాడు. ఖాదర్‌వలీ ఉన్నానన్నాడు. ప్రకాశం ఉన్నానన్నాడు. లింగమూర్తి అని పిలిస్తే చప్పుడు లేదు. రెండోసారి పిలిచాడు. లేదు. మూడోసారి పిలిచేసరికి "ఉన్నాను" అని వినపడింది. చూస్తే దాలయ్య.

"నువ్వెందుకు పలికావురా?"

"వినపడాలన్నారు గాని ఎవరి నోట్లోంచి వినపడాలో అమ్మగారు చెప్పలేదు కదా అన్నయ్యా."

గున్నయ్య తమ్ముడివంక అభిమానంగా చూశాడు. టిక్కు పెట్టాడు. పక్క గడిలో బయటికి వెళ్ళిన సమయం పదకొండూ ఇరవై అని రాశాడు.

"ఆఫీసరుగారు కనపడటం లేదయ్యా," అన్నాడు ప్రకాశం.

"కనపడాలని ఎవరూ చెప్పలేదు బాబూ."

అప్పుడే గోనెసంచుల గది కిటికీ చువ్వల వెనక రెండు చేతులు కనపడ్డాయి. తరవాత లింగమూర్తి మొహం. ఖాదర్‌వలీ మేనేజర్ని పిలుచుకురావడానికి ఒకవైపు పరిగెత్తాడు. ప్రకాశం తలుపు బిగుసుకుపోయిందనుకుని గునపం కోసం ఇంకోవైపు పరిగెత్తాడు. గున్నయ్య మాత్రం రిజిస్టరు పట్టుకుని నింపాదిగా కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"తలుపు తియ్యవయ్యా. నేను లోపలే ఉండిపోయాను," అన్నాడు ఆఫీసరు దగ్గుతూ.

"తమరు పదకొండూ ఇరవైకి బయటికి వెళ్ళిపోయారండి. ఇదిగో టిక్కు."

"వెళ్ళలేదు. నీ కళ్ళ ముందే ఉన్నాను కదా."

"అయితే మళ్ళీ వచ్చారన్నమాట. రాయించుకోకుండా వచ్చారు. బిళ్ళ ఏదండీ?"

"బల్ల మీద ఉంది. నాకు ఊపిరాడటం లేదు గున్నయ్యా."

గున్నయ్యకు జాలేసింది. పాపం పెద్దమనిషి, పొద్దున తన రాత బాగుందన్నవాడు. ఈయనకు ఎలాగైనా సాయం చెయ్యాలి. ఊరికే చేస్తే రేపు ఈయనే తప్పు పడతాడు. చటుక్కున కొత్త వరస తెరిచి పెన్సిలు తడిచేశాడు.

"ఒక్క నిమిషంలో రాసేస్తానండి. వచ్చిన పని?"

"బయటికి పోవడం."

"లోపలికి వచ్చిన పని... బయటికి పోవడం," అని గుండ్రటి అక్షరాలతో రాశాడు గున్నయ్య. "ఎవరిని కలవాలి?"

లింగమూర్తి మొహం కిటికీలోంచి కిందికి జారిపోయింది. చువ్వలు పట్టుకున్న చేతులు మాత్రం ఇంకాసేపు అలాగే ఉన్నాయి, తరవాత అవీ లేవు.

"సంతకం పెట్టకుండా పోయాడేమిటి బావా," అన్నాడు పారయ్య.

ఈలోగా పనివాళ్ళందరినీ గేటు బయటికి పంపేసి హైమావతి వచ్చింది. వరండాలోకి వెళ్ళి, గడియ లాగి, ప్రకాశం సాయంతో ఆఫీసరును భుజాలు పట్టి బయటికి ఈడ్చుకొచ్చింది. కాటా మీద పడుకోబెట్టి మొహం మీద నీళ్ళు చల్లితే కాసేపటికి కళ్ళు తెరిచాడు. అరచేతులు మసితో నల్లగా ఉన్నాయి. తలుపు బాది బాది వేళ్ళు చిట్లాయి. ఆ వేళ్ళు చూశాక గున్నయ్యకు ఎక్కడో పొరపాటు జరిగిందని మొదటిసారి అనిపించింది. ఎక్కడో మాత్రం తెలియలేదు.

హైమావతి అరవలేదు. అరిస్తే బాగుండుననిపించేంత చిన్నగా మాట్లాడింది.

"గున్నయ్యా, కాగితం కాదు, మనిషి. అర్థమైందా? మంట ఉన్నంతసేపూ విజిటరన్నవాడు ఒక్కడు కూడా లోపల ఉండకూడదు. పేరు పలికితే చాలదు, చేత్తో పట్టుకుని బయటికి తీసుకురా. కళ్ళతో చూడు. తలలు లెక్కపెట్టు. మిగతాదంతా తరవాత."

"అర్థమైందమ్మా," అన్నాడు గున్నయ్య. కళ్ళు తుడుచుకున్నాడు. ఈ జన్మలో ఇంకొకడిని లోపల వదిలితే ఒట్టు అనుకున్నాడు. ఆమె ఆఫీసరును తన కారులో ఎక్కించుకుని ఆసుపత్రికి బయల్దేరింది. ఖాదర్‌వలీ, ప్రకాశం కూడా ఆయన్ని పట్టుకుని కూర్చోవడానికి ఆ కార్లోనే వెళ్ళారు.

ఆ కారు అటు పోగానే ఫైరింజను ఇటు వచ్చింది. దాన్లో ఆరుగురు. వాళ్ళ పెద్ద ఒక మీసాలాయన. గున్నయ్య గేటు తియ్యలేదు.

"కొత్తవాళ్ళు కదండీ. పేర్లు రాయాలి. బిళ్ళలు వెయ్యాలి."

"అక్కడ షెడ్డు అంటుకుంటుంటే పేర్లేమిటయ్యా?"

"అందుకేనండి రాయడం."

వీడితో వాదించేకన్నా రాయించుకోవడమే తొందరగా తెములుతుందని మీసాలాయనకు అర్థమైపోయింది. ఆరుగురూ గబగబా పేర్లు చెప్పి, మెడలు వంచి బిళ్ళలు వేయించుకుని లోపలికి ఉరికారు. పైపులు విప్పారు. నీళ్ళు కొట్టారు. తొక్కల గుట్ట బుసకొట్టి చల్లబడింది. షెడ్డు కప్పుకు అంటుకున్న మంట కూడా సగానికి సగం దిగింది. ఇంకో పావుగంటైతే మొత్తం ఆరిపోయేదే.

అప్పుడు దాలయ్య రిజిస్టరులోకి చూసి అన్నాడు. "అన్నయ్యా, లోపల ఆరుగురు విజిటర్లు ఉన్నారు."

బెల్లు ఇంకా మోగుతూనే ఉంది. మంట కనపడుతూనే ఉంది. ఇంకేముంది, ముగ్గురూ షెడ్డులోకి పరుగో పరుగు. గున్నయ్య మీసాలాయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"బయటికి రండి బాబూ. ఒక్కరు కూడా ఉండకూడదట. ప్రమాదం. మేనేజరమ్మగారి ఆర్డరు."

మనిషి మొహం చూస్తే ఏడుస్తున్నాడు. లోపల ఏ గ్యాసు బండో పేలబోతోందని మీసాలాయన అనుకున్నాడు. "పైపులు వదిలెయ్యండి, పరిగెత్తండి," అని తనవాళ్ళకు కేకేశాడు. పారయ్య ఇద్దరిని, దాలయ్య ముగ్గురిని పట్టుకున్నారు. అందరూ కలిసి కాటా దగ్గరికి వచ్చి పడ్డారు.

గున్నయ్య వాళ్ళని వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కరి పేరూ చదివాడు. ఒక్కొక్కరూ ఉన్నానన్నారు. అంతటితో ఊరుకోలేదు. ఒక్కొక్కరి తల మీదా చెయ్యి పెట్టి లెక్కపెట్టాడు. ఆరు తలలు, ఆరు పేర్లు, ఆరు బిళ్ళలు. ఒక్కటీ తగ్గలేదు.

"ఇంతకీ ప్రమాదం ఏమిటయ్యా లోపల?" అన్నాడు మీసాలాయన ఆయాసపడుతూ.

"మంటండి," అన్నాడు గున్నయ్య.

వాళ్ళ వెనకాల షెడ్డు కప్పు మొత్తం ఒక్కసారిగా కూలింది. గున్నయ్య అటు తిరిగి చూడలేదు. పెన్సిలు తడి చేసుకుని, ఆరో టిక్కు నిదానంగా, అందంగా పెడుతున్నాడు.