చెప్పుల దగ్గర చోటు

పెంచలయ్యకు తాగుడు మానాలని ఉంది. మానలేకపోతున్నాడు. ఆటో తోలుకుని బతికే మనిషి. పోయిన నెల తాగి నడిపి, బడి నుంచి కూతుర్ని తీసుకొస్తూ బండిని మురుగుకాలవలో దించాడు. పిల్లకు దెబ్బలేం తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి ఆ పిల్ల నాన్న ఆటో ఎక్కడం లేదు. పుస్తకాల సంచీ భుజానేసుకుని ఎండలో నడిచిపోతోంది. పక్కన బండి ఆపి పిలిచినా తల తిప్పి చూడదు.

ఊరి చివర చిన్న దర్గాలో దస్తగిరి సాయిబు అని ఒక పెద్దాయన ఉండేవారు. పెంచలయ్యకు ఆయనే గురువు. తాగిన రోజు పెంచలయ్య దర్గా గడప తొక్కడు. తొక్కొద్దని ఎవరూ చెప్పలేదు, తనకు తనే పెట్టుకున్న నియమం. బయట చెప్పుల దగ్గర నిలబడి, లోపలికి వెళ్లినవాళ్ల చెప్పులన్నీ వీధివైపు తిప్పి పెట్టేవాడు, వచ్చేటప్పుడు కాళ్లకు సుళువుగా ఉంటుందని. బారుగా తిరిగి ఉన్న చెప్పుల్ని చూస్తే చాలు, ఇవాళ శిష్యుడు తాగాడని సాయిబుకు తెలిసిపోయేది.

ఒక ఆదివారం మాత్రం పెంచలయ్య తాగలేదు. లోపలికొచ్చి గురువు ముందు కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నాయి.

“సామీ, తాగుడు మానేదానికి ఇంకో తాయెత్తు కట్టండి.”

“పోయినసారి కట్టింది ఏమైంది?”

“తాగి యాడనో పారేసుకున్నా.”

సాయిబు నవ్వు ఆపుకోలేకపోయారు. పెంచలయ్యకూ నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

సాయిబు కాసేపు ఏడవనిచ్చారు. తర్వాత అడిగారు. “తాగుడు మానినోళ్లంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారంట గదా టౌన్లో. పోయినావా?”

“పోయినా సామీ. బస్టాండు కాడ టీ అంగట్లో అడిగినా. ఎవరికి అన్నాడు అంగడాయన. మా బామ్మర్దికి అన్నా. అయితే ఆయన్నే రమ్మను, దారి చెప్తా అన్నాడు. తిరిగొచ్చేసినా.”

“నీకు బామ్మర్ది ఉన్నాడా?”

“లేడు సామీ.”

సాయిబు చేతికర్ర అందుకుని లేచారు. “బండి తియ్యి అబ్బయ్యా.”

బస్టాండు దగ్గర ఆటో ఆగీ ఆగగానే సాయిబు దిగి, టీ కొట్టు ముందు నిలబడి, అందరికీ వినపడేలా అడిగారు. “నాయనా, తాగుడు మానేటోళ్ల మీటింగు యాడ జరుగుతాది?”

జనం తిరిగి చూశారు. పెంచలయ్య ఆటో వెనక్కి నక్కాడు.

“ఎవరికి సాయిబు గారూ?” అన్నాడు టీ కొట్టాయన.

“మాకు.”

టీ కొట్టాయన ఆ తెల్లగడ్డం వైపు చూశాడు, ఇంకేమీ అడగలేదు. “చర్చి వెనకాల బడి ఉంది. మేడమీద గది. ఇప్పుడే మొదలయ్యుంటాది,” అన్నాడు.

ఆటో వెనక నిలబడి ‘మాకు’ అన్న ఆ ఒక్క మాట విన్న పెంచలయ్యకు ప్రాణం లేచొచ్చింది.

మేడమీద గది ముందు చెప్పులు చిందరవందరగా పడున్నాయి. గుమ్మంలో వెంగయ్య అనే ఆయన నిలబడి, వచ్చినవాళ్లను పలకరిస్తున్నాడు. “రండి రండి. ఇద్దరికీ ఉందా అలవాటు?”

సాయిబు ఇప్పుడు ‘మాకు’ అనలేదు. “నేనెప్పుడూ ముట్టలేదు నాయనా,” అన్నారు.

వెంగయ్య చేతులు జోడించాడు. “అట్టయితే మీరు ఈడనే ఉండాల సాయిబు గారూ. ఇది దాంతో బాధపడినోళ్లకే.” లోపల్నుంచి ఒక కుర్చీ తెచ్చి వరండాలో వేశాడు.

పెంచలయ్యకు ఒళ్లు మండింది. “మా సామిని బయటుండమంటావా? ఆయనెవరనుకున్నావు! పదండి సామీ, పోదాం.”

సాయిబు కదల్లేదు. ఆయన మొహం పెళ్లికి వచ్చిన మనిషి మొహంలా వెలిగిపోతోంది.

“నన్ను రానియ్యని చోటికి నిన్ను రమ్మంటన్నారు. పో అబ్బయ్యా.”

లోపల బెంచీల మీద గుండ్రంగా కూర్చున్నారు. ఒకాయన సీసాను బియ్యం డబ్బాలో దాచేవాడినన్నాడు. ఇంకొకాయన దేవుడి పటం వెనకాల అన్నాడు. అందరూ నవ్వారు. ఆటోలో ఫస్టెయిడ్ పెట్టె ఖాళీ చేసి సీసా దాచుకునేది లోకంలో తనొక్కడే అనుకున్న పెంచలయ్య కూడా నవ్వాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, కూతురి సంగతి చెప్పాడు. అప్పుడెవరూ నవ్వలేదు.

వెంగయ్య అన్నాడు. “బండెక్కమని ఆ పిల్లనడగబాక. వారం వారం నువ్వు ఈడికి రా. ఎప్పుడెక్కాల్నో ఆ పిల్లే చూసుకుంటాది. ఆ చేతుల వణుకు గురించి రేపు డాక్టరు కాడికి పోదాం, నేనొస్తా.”

మంచిమాట చెప్పినవాళ్లు పెంచలయ్యకు ఇదివరకూ ఉన్నారు. నేనొస్తా అన్నవాళ్లు ఇంతకుముందు లేరు. అతను వెంగయ్య వైపు తిరిగాడు. చేతులెత్తి దణ్ణం పెట్టాడు, అంతే.

మీటింగు అయిపోగానే గురువుకు చెప్పుకోవాలని అందరికంటే ముందు బయటికొచ్చాడు. కుర్చీ ఖాళీగా ఉంది.

సాయిబు గుమ్మం పక్కన, కర్ర మీద బరువు మోపి వంగి, చెప్పుల్ని జతలు కలిపి మెట్లవైపు తిప్పి పెడుతున్నారు. చివరి జత ఆయన చేతిలో ఉంది. అది పెంచలయ్యది.

“సామీ! మీరేంది ఈ పని?”

సాయిబు ఆ జతను కూడా తిప్పి, అతని కాళ్ల ముందు పెట్టారు.

“ఎప్పుడూ నువ్వే చేస్తావు గదా అబ్బయ్యా. ఇయ్యాల నువ్వు లోపలున్నావు.”