ఇసుక మీద పడవ

ఆ ఏడు ఎండలు ఎంతగా కాశాయంటే, ఏట్లో చేపలు ఊళ్లోకి నడిచొచ్చి మంచినీళ్లు అడిగాయి. రేవులో పడవ నడిపే నూకన్నకు చిల్లిగవ్వ రాలేదు. అయినా కోశాధికారి కేశవామాత్యుడు పన్ను వదల్లేదు. నిరుడు వచ్చినంత రేవు పన్ను ఈ ఏడూ వస్తుందని ముందే రాసేసి, ఆ సొమ్ము మీద రాజుగారికి చందమామను గీరుకునేంత ఎత్తు మంటపం మొదలుపెట్టించాడు మరి!

పన్ను కట్టకపోతే పడవ నరికించేస్తానని గొడ్డలి భటుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. మంటపం చూడబోతున్న రాజుగారూ రేవులో ఆగారు.

"బాబయ్యా, ఏరెండిపోయింది," అన్నాడు నూకన్న.

"లెక్క రాశాక ఏరెండితే మాకేంట్రా? కట్టు!" అని కసిరాడు కోశాధికారి.

గొడ్డలి పైకి లేచింది.

"కడతాను బాబయ్యా. తమరు పడవెక్కండి. అవతలి ఒడ్డున దింపి, ఆ కూలితోనే కడతాను."

"ఎక్కవయ్యా," అన్నారు రాజుగారు.

కోశాధికారి ఎక్కాడు. నూకన్న గెడ వేసి నెట్టాడు. ఇసుక కరకరలాడిందే గానీ పడవ కదల్లేదు. నెత్తి మాడిపోతుంటే కోశాధికారి దిగబోయాడు.

"అయ్యో, దిగకండి! తమ లెక్కలో అక్కడ నిలువెత్తు నీళ్లున్నాయి!"

కోశాధికారి కాలు గాల్లోనే ఆగింది. దించితే లెక్క తప్పు, దించకపోతే ఎండ. ఒక కొంగొచ్చి ఆ కాలి మీద వాలి, కునుకు తీసి లేచిపోయింది కూడా. చివరికి పాదం ఇసుకలో చుర్రుమంది.

"లోతెంతయ్యా?" అన్నారు రాజుగారు.

"మడమ కూడా... మునగలేదు ప్రభూ."

"అయితే ఈ ఏడు నా ఖజానా లోతూ అంతే. గొడ్డలి దించండి. మంటపం పని ఆపండి."