దివానుగారి పెద్ద చేప

అనగనగా ఒక రాజ్యంలో సముద్రపు నీళ్లతో నిండే చేపల చెరువొకటి ఉండేది. గాలం వేయడం రాని బాటసారులకు ఆ చెరువు యజమానురాలు నూకాలు అక్కడ సరదాగా చేపలు పట్టడం నేర్పేది. ఒకరోజు దివానుగారు వచ్చి, పొద్దస్తమానం కూర్చుని, వేలెడంత చేపను పట్టారు.

"ఇవాళ పడ్డవాటిలో ఇదే పెద్దదని డప్పు కొట్టు. లేదంటే సముద్రపు నీళ్లు రాకుండా నీ చెరువు తూము మూయిస్తా!" అన్నారు.

నూకాలు వెంటనే డప్పందుకుంది. "రండి బాబూ, ఆకులు వేసుకోండి! పెద్ద చేప పట్టినవారు ఆ చేపతోనే అందరికీ పులుసు పెట్టడం మా ఆచారం!"

బాటసారులంతా బారులు తీరి కూర్చున్నారు.

"ఇంతమందికి ఇదేం సరిపోతుందే?" దివానుగారు నీళ్లు నమిలారు.

"అయితే చిన్నదే కదా బాబూ! చిన్నవాటిని నీళ్లలో వదిలేయడం కూడా మా ఆచారమే."

దివానుగారు "పాపం, పసిది" అంటూ చేపను వదిలేసి, "ఇప్పుడు నా జాలిగుండె గురించి డప్పు కొట్టు" అన్నారు.