మందు కాని ఆకు

"ఆకుపసరు మేలు చేయకపోతే ఊరుకుంటుంది గానీ, కీడెలా చేస్తుంది గురువుగారూ?" అని వకుళ అడిగింది. అనకాపల్లిలో అవధానిగారి దగ్గర మూలికావైద్యం నేర్చుకోవడానికి చేరి ఆమెకు అప్పటికి ఏడాది. మొదటి ఏడాది ఎవరికైనా ఆ ధీమా ఉంటుంది. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు అవధానిగారికి లేదు. "వాకిట్లో ఎవరో వచ్చారు, చూడు" అన్నారు.

వచ్చింది తాపీమేస్త్రి నూకరాజు, అతని భార్య పైడమ్మ. ఆ ఉదయం రెండో అంతస్తు పరంజా మీద నూకరాజుకి కళ్ళు తిరిగాయి. పక్కవాడు చొక్కా పట్టి లాగబట్టి బతికాడు. వారం నుంచీ ఇదే వరస: చెమటలు, చేతుల వణుకు. ఏమేం మందులు వాడుతున్నారని వకుళ అడిగింది.

"ఆసుపత్రిలో ఇచ్చిన సుగరు బిళ్ళలేనమ్మా. ఒట్టు, ఇంకే మందూ ముట్టడు" అంది పైడమ్మ. వకుళ అలాగే రాసుకుంది.

అవధానిగారు నూకరాజు చెయ్యి పట్టుకు చూశారు. చల్లగా, తడిగా ఉంది. ముందు బెల్లంనీళ్ళు తాగించారు. అతను తేరుకున్నాక పైడమ్మ వైపు తిరిగి, "పొద్దున్నే పరగడుపున ఇతనికి ఏమిస్తావమ్మా?" అన్నారు.

ఆవిడ మొహం వెలిగింది. "పొడపత్రి పసరు బాబూ, గ్లాసుడు! సుగరు తగ్గుతాదని మా పిన్ని చెప్పింది. పది రోజులనుంచి నేనే కొండకెళ్ళి కోసుకొస్తన్నాను."

"మరి నేనడిగితే చెప్పలేదేం?" వకుళ గొంతు లేచింది.

"నువ్వు మందులడిగావు కదమ్మా! ఆకు మందేటి?"

"ఆ పసరూ సుగరు దించేదే, బిళ్ళా దించేదే. రెండూ కలిసి మరీ దించేశాయి" అన్నారు అవధానిగారు. "పసరు ఆపు. బిళ్ళ మాత్రం నీ అంతట నువ్వు మాన్పించకు. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళి, డాక్టరుగారికి ఈ ఆకు సంగతి చెప్పు."

"అయితే నా సేత్తో నేనే తోసేసేదాన్నా బాబూ!" అని పైడమ్మ కూలబడి ఏడ్చింది. ముళ్ళపొదల్లో గీరుకుపోయిన ఆ చేతులు చూస్తే ఎవరికి మాత్రం కోప్పడబుద్ధవుతుంది? నూకరాజే ఆవిణ్ణి లేవదీసి తీసుకువెళ్ళాడు.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక వకుళ, తను రాసుకున్న మందుల కింద పొడపత్రి పసరు కూడా చేర్చింది. తర్వాత నెమ్మదిగా, "అయితే ఆకు చెడ్డదా గురువుగారూ?" అంది.

"పాపం, దాన్నేమంటాం? ఆకూ మేలే చేసింది, బిళ్ళా మేలే చేసింది" అన్నారు అవధానిగారు. "మనిషే ఒక్కడు."