పీతకన్నాలూ పేరిందేవీ

ఇటు తిరిగి పడుకో బంగారం. పొద్దున చదరంగంలో మీ అక్కని నాలుగే నాలుగు ఎత్తుల్లో కట్టేశానని ఇల్లు పీకి పందిరేశావు కదా, అందుకే ఈ కథ.

అనగనగా ఒక కాలవ, ఆ కాలవ చివర ఒక ఊరు. ఆ ఊళ్ళో రెండే వీధులు, తూర్పు వీధి, పడమటి వీధి. కాలవకి నీళ్ళొదిలే ముందు రెండు వీధులవాళ్ళూ చదరంగం ఆడేవాళ్ళు. మూడు సాయంత్రాలు, మూడు ఆటలు. గెలిచిన వీధి మళ్ళకి ముందు నీళ్ళు. కర్రలు పట్టుకుని కొట్టుకునేకన్నా నయమే కదూ!

ఆ ఏడు తూర్పు వీధి తరఫున పేరిందేవి కూర్చుంది. నీకంటే కాస్త పెద్దది, అంతే. వాళ్ళ మేనమామ దానికి మాయదారి ఎత్తులు నేర్పాడు. మంత్రిని ముందే ఉరికించి రాజుని పట్టడం, గుర్రాన్ని ఎరగా వదలడం, అలాంటివి. తెలియనివాళ్ళు టపటపా పడిపోయేవాళ్ళు. పడమటి వీధి తరఫున గవరయ్య తాత కూర్చున్నాడు.

మొదటి సాయంత్రం పేరిందేవి మంత్రిని ఉరికించింది. తాత బోసినోటితో నవ్వి, ఒక బంటుని జరిపాడు. మంత్రి పరుగు. అప్పుడు గుర్రాన్ని తెచ్చాడు. మళ్ళీ పరుగు. ఇది పారిపోతూనే ఉంది, తాత ఒక్కొక్క పావునీ బయటికి తెచ్చుకుంటూనే ఉన్నాడు. ఆ తర్వాత ఏముంది, ఆట కట్టు.

ఇంకొక్క ఆట పోతే నీళ్ళు ఆలస్యమైపోతాయి. వాళ్ళ నారుమడి అప్పటికే ఎండుముఖం పట్టింది. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. చెబుతుంటే నాకే బాధగా ఉంది.

మర్నాడు పొద్దున వాళ్ళమ్మ మడిగట్టు మీద పీతకన్నాలు మట్టితో పూడుస్తోంది.

"నీళ్ళే రాలేదు కదమ్మా, ఇప్పుడెందుకు?" అంది పేరిందేవి.

"వచ్చాక పూడుస్తానంటే నీళ్ళు ఆగుతాయా? నువ్వూ ఓ చెయ్యి వెయ్యవే" అంది అమ్మ.

పేరిందేవి మట్టి మెత్తుతూ మెత్తుతూ ఆగిపోయింది. నిన్న తన రాజు చుట్టూ అన్నీ కన్నాలే!

రెండో సాయంత్రం అది ఎరలు వెయ్యలేదు. నడిమి గళ్ళు పట్టుకుంది. బంట్లని ఒకదానికొకటి ఆసరాగా నిలబెట్టింది. ఎత్తు వేసే ముందు, ఎక్కడ కన్నముందా అని చూసుకుంది. ఆట నత్తలా సాగింది. చూసేవాళ్ళు ఆవలించారు. దీపాలు పెట్టే వేళకి గెలిచింది.

మూడో సాయంత్రం తాతకే కంగారు పుట్టింది. ఈసారి తనే గుర్రాన్ని ఎరగా వదిలాడు. పేరిందేవి చెయ్యి చాపింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. గుర్రాన్ని తింటే తన రాజు మీదికి దారి తెరుచుకుంటుంది. అప్పుడు దాన్ని వదిలేసి, రాజు పక్కన ఏనుగుని నిలబెట్టింది. ఆ తర్వాత మెల్లిగా, మెల్లిగా తాత ఆట కట్టించింది.

"గుర్రం తినలేదేమే పిల్లా?" అన్నాడు తాత.

"గట్టుకి కన్నం పడుతుంది తాతా!"

తూర్పు వీధి మళ్ళకి నీళ్ళొచ్చాయి. వీధిలో అందరూ ముందే పూడ్చుకున్నారు కదా, గట్లకి కన్నాల్లేవు, చుక్క బయటికి పోలేదు, మళ్ళు చకచకా నిండాయి. దాంతో పొద్దుగూకకముందే పడమటి వీధికీ నీళ్ళు వెళ్ళాయి. గవరయ్య తాత బురదలో కాళ్ళు పెట్టుకుని, ఓడిపోయినవాడిలా లేనే లేడు.

"వచ్చే ఏడు మా గట్లు కూడా చూద్దువుగాని, రావే" అన్నాడు.

రేపు నువ్వూ అక్కతో ఆడుకో. ముందు నీ కన్నాలు చూసుకో, సరేనా?

రాజు పెట్టెలోకి, బంటు పెట్టెలోకి,
కథేమో కంచికి, మనమేమో దుప్పట్లోకి!