కుడిచెయ్యి మాకు, ఎడమచెయ్యి మీకు

గండికొండ రాజు తిమ్మభూపతికి ఉన్నట్టుండి ధర్మప్రభువు అనిపించుకోవాలని బుద్ధి పుట్టింది. లోకమంతా చెప్పుకునేలా ఒక దొంగను శిక్షించాలి. ఆయనకు లోటల్లా దొంగే.

ఆ లోటు సరిహద్దు కాపలా చూసే దండనాయకుడు భైరవరాజు తీర్చాడు. సరిహద్దు కనుమలో ఒక వర్తకుడి పట్టుమూటలు ఎడ్లతో సహా మాయమయ్యాయి. అక్కడే మేకలు కాసుకునే ఓబన్న ఒక ఎద్దును తోలుకొస్తూ కనిపించాడు. ఇంకేం, చేతులు విరిచి కట్టి తెచ్చారు.

పొరుగున నల్లమేడు రాజుకూ సరిగ్గా అదే ఉబలాటం. నేరం తమ గడ్డ మీదే జరిగింది కనుక దొంగను తమకే అప్పగించాలంటూ, తన కనుమ కాపలా అధికారి సోమలరాజును రాయబారిగా పంపాడు.

సభలో వాదన మొదలైంది. భైరవరాజు కనుమలోని మట్టిని గంపలకెత్తించి తెచ్చి, ఇది మన మట్టేనని వాసన చూసి మరీ చెప్పాడు. సోమలరాజు ఆ మట్టినే నాలుక మీద వేసుకుని, కాదు, ఇది నల్లమేడు మట్టి అన్నాడు. ఇద్దరూ మహా పండితులే. మధ్యలో వణుకుతూ నిలబడ్డ ఓబన్న వంక చూసిన పాపాన ఎవరూ పోలేదు.

చివరికి భైరవరాజుకే దివ్యమైన ఉపాయం తట్టింది. కుడిచెయ్యి గండికొండలో, ఎడమచెయ్యి నల్లమేడులో నరికితే ఇద్దరు రాజులకూ కీర్తి సమానంగా దక్కుతుంది. సోమలరాజుకూ నచ్చింది. సభ భేష్ అంది.

రాజుగారి పక్కన తమలపాకులు చుడుతున్న ఎల్లన చెయ్యి ఆగిపోయింది. తాంబూలం అందించడమే అతడి కొలువు. కానీ చేతులు పోయాక ఆ మేకలకాపరి ఎట్లా బతుకుతాడో తలుచుకుంటే కడుపు మండిపోయింది. ఈ సభలో జాలి ఊసెత్తితే నవ్వుతారని అతడికి తెలుసు. అందుకే వినయంగా లేచి, నేరం మన గడ్డ మీదే జరిగిందని ఇంత గట్టిగా నిరూపించిన దండనాయకుల వారి రుణం ఉంచుకోకూడదని మనవి చేశాడు.

"అవును, ఆయనకేం ఇద్దాం?" అన్నాడు రాజు.

"ఇవ్వడం కాదు ప్రభూ, పుచ్చుకోవాలి. దొంగతనం ఎవరి కాపలాలో జరిగితే, పోయిన సరుకు ఆ అధికారి ఇంటినుంచే ఇప్పించడం తాతల నాటి కట్టడి కదా."

రాజు తల ఊపాడు. నల్లమేడులోనూ అదే కట్టడి అని, అక్కడే ఉన్న వర్తకుడు ఆశగా అందుకున్నాడు.

భైరవరాజు ముఖం పాలిపోయింది. మట్టిని మరోసారి వాసన చూసి, ఇందులో నల్లమేడు వాసనే ఎక్కువుందన్నాడు. సోమలరాజు తక్కువ తిన్నాడా? తన నాలుక పొరపడిందనీ, అది ముమ్మాటికీ గండికొండ మట్టేననీ ఒట్టు పెట్టాడు. కాసేపటికి ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు. నేరం తమ రాజ్యంలో మాత్రం జరగలేదు.

"ఇక్కడా జరగలేదట, అక్కడా జరగలేదట. ఇక మిగిలింది ఓబన్నే. ఇంతవరకు అతణ్ణి ఎవరూ అడగలేదు ప్రభూ" అన్నాడు ఎల్లన.

రాజుకు ఆ సంగతి అప్పుడు తట్టింది. ఏం జరిగిందో చెప్పమన్నాడు.

"దొంగతనం యాడిది సామీ? చిరుతను జూసి ఎడ్లు బెదిరి లోయలోకి పరిగెత్తినాయి. మూటలు ఆడనే పొదల్లో పడుండాయి. ఒక ఎద్దును పట్టుకోని, సావుకారికి అప్పజెప్పేదానికి తోలకొస్తా ఉంటే నన్ను కట్టేసినారు."

గుర్రాల మీద వెళ్లిన భటులు సాయంత్రానికల్లా ఎడ్లనూ మూటలనూ తెచ్చారు. రాజు సిగ్గుపడి, తనే దిగివచ్చి ఓబన్న కట్లు విప్పాడు. ఇంకేం కావాలని అడిగితే, కాసేవాడు లేక తన మేకలు రెండు రాజ్యాల్లోకీ చెదిరిపోయి ఉంటాయని అతడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వాటిని వెతకడానికి ఎవరిని పంపాలా అని రాజు ఆలోచనలో పడ్డాడు.

"ఆ కనుమలో ఏ మట్టి ఎవరిదో వీరిద్దరికంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు ప్రభూ?" అన్నాడు ఎల్లన.

సభంతా గొల్లున నవ్వింది. రాజు నవ్వుతూనే తన బంగారు కడియం తీసి ఎల్లన చేతికి తొడిగాడు. దండనాయకుడూ రాయబారీ చెరొక కర్ర పుచ్చుకుని, ఓబన్న వెనకాల కనుమ దారి పట్టారు.